గాలి మారిందని రాసిచ్చిన మనిషి

పెద్దమండ్యం దగ్గర గువ్వలగుట్టపల్లెలో నేను తొమ్మిదేళ్లు బడిపంతులుగా పనిచేశాను. నా పేరు గోపాలస్వామి, సొంతూరు మదనపల్లె. ఆ తొమ్మిదేళ్లలో ఆ ఊరి తరఫున నా చేత్తో రెండు కాగితాలు రాశాను. ఒకటి తెలియక రాశాను. రెండోది తెలిసే రాశాను. ఆ రెండిటి బరువూ మోసినవాడు మాత్రం చెంగల్రాయుడనే రైతు. ఆయన ఇప్పుడు లేడు కాబట్టి జరిగింది జరిగినట్టు చెబుతాను.

చెంగల్రాయునికి నాలుగెకరాల మెట్ట. సెనక్కాయ, రాగి, కంది, అంతకుమించి ఆ నేల ఏదీ పండదు. చదువు అయిదో తరగతి. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ గాలికి ఎదురుగా నిలబడినట్టు కొంచెం ముందుకు వంగి ఉండేవాడు. ఆ వంపు కళ్లంలో వచ్చిందే. పంటను తూర్పారబట్టడంలో చుట్టుపక్కల ఆయన్ను మించినవాడు లేడు. మా మెట్టల్లో పంటలు కార్తీకం నుంచి పుష్యం దాకా కళ్లానికి వస్తాయి. అప్పుడు గాలి దొరకడమే కష్టం. జనం కుప్పలు పోసుకుని, చేటలు పట్టుకుని పొద్దంతా కూర్చుంటారు. చెంగల్రాయుడు వచ్చి పిడికెడు పొట్టు పైకి విసిరి, అది ఎట్లా పడుతుందో చూసి, "ఇంక మూడు గడియలు పడతాది, సంగటి తినేసి రాపోండి" అనేవాడు. మూడు గడియలకు గాలి వచ్చేది. "ఈ పొద్దు రాదు, కుప్ప మీద పట్ట కప్పేయండి" అంటే కప్పేసేవాళ్లు. ఎవరూ ఎదురు చెప్పేవాళ్లు కాదు.

1998 ఎండాకాలంలో బెంగళూరు నుంచి ఒక సంస్థవాళ్లు వచ్చారు. వాళ్ల మనిషి దినేష్, ముప్పై ఏళ్లుంటాయి, బాగా చదువుకున్నవాడు, మంచివాడు కూడా. మా ఊళ్లో తాగేనీళ్లకు ఒకే బోరు. దానిమీద పంచాయతీ కరెంటు మోటారు ఉండేది. కరెంటు రోజుకు రెండు గంటలు వస్తే గొప్ప. ఆ మోటారు తీసేసి అదే బోరుమీద గాలిమర పెడతామని, కరెంటూ అక్కర్లేదు, బిల్లూ అక్కర్లేదని దినేష్ చెప్పాడు. బొగ్గు కాల్చి కరెంటు చేయడంవల్ల భూమి వేడెక్కిపోతోందని, మీ ఊరు గాలితో నీళ్లు తోడుకుంటే దేశమంతా మీ దారిలో నడుస్తుందని చెప్పాడు. ఆయన తెలుగు కొంచెం కన్నడంలా ఉండేది. అర్థంకాని చోట నేను విడమరిచి చెప్పాను. నాకు ఆ మాటలు బాగా నచ్చాయి. పిల్లలకు పాఠం చెప్పినంత ఉత్సాహంగా చెప్పాను.

అందరూ సరే అన్నాక చెంగల్రాయుడు లేచాడు.

"సారూ, ఒక మాట. గాలిమర పెట్టండి, వద్దనను. మోటారు మాత్రం తీసేయద్దండి."

"రెండూ ఒక బోరుమీద కుదరవు. అయినా మోటారు ఎందుకు?" అన్నాడు దినేష్.

"మా గుట్ట మీద గాలి ఆషాడంలో వస్తాది. మనిషిని నిలబడనీదు. నీళ్లు మాకు చైత్రంలో కావల. చైత్రంలో ఈడ ఆకు కదలదు సారూ. కరెంటు ఎంత దొంగదయినా రోజుకొకసారి మొగం సూపిస్తాది. గాలి నెల పొడుగునా రాదు."

దినేష్ నవ్వలేదు. తన సంచిలోంచి ఒక పటం తీసి చూపించాడు. అందులో మా జిల్లా అంతా ఒకే రంగులో ఉంది. ఏడాదికి సగటున ఇంత గాలి వీస్తుందని లెక్క చెప్పాడు.

"సగటు అంటే ఏంది అయ్యోరా?" అని చెంగల్రాయుడు నన్నడిగాడు.

నేను చెప్పాను. ఆయన, "ఆషాడంలో తాగిన నీళ్లు చైత్రానికి దప్పిక తీరుస్తాయా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వులోనే తీర్మానం రాశాను. 'మా గ్రామస్థులమంతా మనస్ఫూర్తిగా మోటారు తొలగింపునకు ఒప్పుకొనుచున్నాము.' చివర అందరూ సంతకాలు, వేలిముద్రలు పెట్టారు. చెంగల్రాయుడు కూడా పెట్టాడు. ఊరంతా ఒకవైపు ఉంటే తానొక్కడే అడ్డం నిలబడే రకం కాదు.

ఆషాఢంలోనే ప్రారంభోత్సవం చేశారు. నలభై అడుగుల ఇనుప స్తంభం మీద ఇరవై రెక్కల చక్రం గిరగిరా తిరుగుతుంటే తొట్టి నిండి, పొర్లి, దారంతా బురదయింది. ఆడవాళ్లు ఆ బురదలో నిలబడి నవ్వారు. చెంగల్రాయుని తమ్ముడు గంగప్ప ఆ మర పని నేర్చుకున్నాడు. నూనె పోయడం, తోలు వాషర్లు మార్చడం, గాలి మరీ ఎక్కువైతే కింద బ్రేకు లాగి చక్రాన్ని ఆపడం అంతా వాడే. పేపర్లో గంగప్ప ఫోటో పడింది. ఊరిని 'గాలినీళ్ల ఊరు' అన్నారు. మండలాఫీసులో కూడా ఆ పేరుతోనే రాసుకున్నారు.

తర్వాతి చైత్రంలో చక్రం ఆగింది. పదిరోజులు ఆగింది, ఒక పూట తిరిగింది, మళ్లీ ఆగింది. ఊరు చావలేదు. వెంకటముని అనే రైతు చేలో సొంత బోరుండేది. ఆయన పొద్దున్నే గంటసేపు అందరికీ నీళ్లు వదిలేవాడు. అట్లా మూడు ఎండాకాలాలు గడిచాయి. దినేష్ వచ్చినప్పుడు చెప్పాం. "మొదట్లో అట్లాగే ఉంటుంది, సర్దుకుంటుంది" అన్నాడు. ఏం సర్దుకుంటుందో, గాలా, మేమా, ఆయన చెప్పలేదు.

2002లో వాన పడలేదు. విత్తిన సెనక్కాయ మొలిచి, ఎండి, నేలలో కలిసిపోయింది. ఆ ఏడు కళ్లాలే లేవు. తర్వాత వచ్చిన మాఘంలో వెంకటముని బోరు గాలి కక్కింది. ఆయన ఇంకో రెండు వేసి చూశాడు, రాతిపొడి తప్ప ఏమీ రాలేదు. మిగిలింది ఊరి బోరు ఒక్కటే. విచిత్రం ఏమంటే దాంట్లో నీళ్లున్నాయి. గుట్ట వాలులో ఉండబట్టి ఉన్నాయి. కింద నీళ్లు, పైన ఆగిపోయిన చక్రం. బోరు మూతి ఇనుప పైపుతో మూసి ఉంది కాబట్టి చేద వేయడానికి కూడా లేదు.

చుట్టుపక్కల ఊళ్లకు ట్యాంకర్లు వస్తున్నాయి. మేం మండలాఫీసుకు పోయాం. గుమాస్తా రిజిస్టరు తిరగేసి, "మీది గాలినీళ్ల ఊరు. ఎద్దడి లేని ఊళ్లలో ఉంది. ట్యాంకరు ఎట్లిస్తారు?" అన్నాడు.

"ఎద్దడి ఉండాది సారూ," అన్నాడు చెంగల్రాయుడు.

"కాగితం మీద లేదు కదప్పా."

"వచ్చి సూడండి. మీరు సూసేదానికన్నా రాండి."

వస్తామన్నారు. రాలేదు. మళ్లీ పోయాం. ఆ సీటులో వేరే గుమాస్తా ఉన్నాడు, అతను మొదటినుంచి చెప్పమన్నాడు.

ఉగాదికి ముందు గొడ్లను తోలేశారు. చెంగల్రాయుడు తన జత ఎద్దులను పుంగనూరు సంతకు తోలుకుపోయి, అమ్మి, ఒట్టి పలుపులతో తిరిగొచ్చాడు. ఆయన భార్య రంగనాయకమ్మ ఆ రోజు పొయ్యి వెలిగించలేదు. అప్పటికే సగం ఊరు బెంగళూరు కూలికి పోయింది. మిగిలినవాళ్లలో ముసలివాళ్లు, చంటిబిడ్డల తల్లులు ఎక్కువ.

అప్పుడే గంగప్ప ఆ పని మొదలుపెట్టాడు. గాలి తిప్పకపోతే మనిషి తిప్పాలి. పైకెక్కి, చక్రం పక్కనున్న పలక మీద నిలబడి, రెక్కలను రెండు చేతులతో తోస్తే చక్రం ఒక చుట్టు తిరుగుతుంది. ఒక చుట్టుకు కింద ఒక చెంబెడు నీళ్లు పడతాయి. బిందె నిండాలంటే ఎన్ని చుట్లో, చేతులు ఎట్లా బొబ్బలెక్కుతాయో మీరే ఊహించుకోండి. బ్రేకు వేస్తే చక్రం చేత్తో కూడా తిరగదు. అందుకని బ్రేకు వదిలేసే ఎక్కాలి. నలుగురైదుగురు వంతులు వేసుకున్నారు గాని నాలుగు రోజులకు మిగిలినవాళ్లకు చేతులు లేవలేదు. గంగప్ప ఒక్కడే రోజూ ఎక్కేవాడు. ఇంటికి రెండు బిందెలు, అది లెక్క.

చెంగల్రాయుడు కింద నిలబడి గాలి చూసేవాడు. చైత్రంలో గాలి ఉండదు గాని సుడిగాలి ఉంటుంది. పొద్దెక్కి ఒట్టి చేలు కాలడం మొదలయ్యాక, ఎక్కడో దుమ్ము లేచి, గిరగిర తిరుగుతూ వచ్చి, ఒక్క నిమిషంలో పోతుంది. "పొద్దు గుట్ట మీదికి రాకముందే దిగేయల" అని ఆయన పెట్టిన నియమం. పన్నెండు రోజులు ఆ నియమం తప్పలేదు.

పదమూడో రోజు నీళ్లు తక్కువగా వచ్చాయి. పొద్దు గుట్ట మీదికి వచ్చేసరికి వరసలో ఇంకా ఏడుగురు ముసలమ్మలు మిగిలారు. అప్పుడు నేను అక్కడే ఉన్నాను, బడికి పోతూ ఆగాను.

పైనుంచి గంగప్ప కేక వేశాడు. "అన్నా, దిగేదా?"

చెంగల్రాయుడు ముసలమ్మల వైపు చూశాడు. ఒకామె ఖాళీ బిందెను ఎత్తుకుని, మళ్లీ దించుకుంది. ఆయన వంగి పిడికెడు మన్ను తీసి పైకి విసిరాడు. మన్ను నిట్టనిలువుగా పడింది. ఇంకోసారి విసిరాడు. అట్లాగే పడింది.

"గాలి లేదు. వీళ్లకు తలా ఒక బిందె పోసి దిగు," అన్నాడు.

నాలుగో బిందె కింద పెట్టేసరికి దక్షిణం చేలల్లో దుమ్ము లేచింది. "గంగా, దిగు!" అని చెంగల్రాయుడు అరవడం నాకు వినిపించింది. గంగప్ప నిచ్చెన మీద కాలు పెట్టడం కూడా చూశాను. సుడి వచ్చి చక్రాన్ని పట్టుకుంది. చక్రం తల ఒక్క విసురున గిర్రున తిరిగింది. వెనక ఉన్న పెద్ద రేకు తోక వచ్చి వాని భుజాన్ని కొడితే అంత ఎత్తునుంచి కింద పడ్డాడు.

ట్రాక్టరులో మదనపల్లె ఆస్పత్రికి తీసుకుపోయాం. చెంగల్రాయుడు తమ్ముని తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. దారిలో అంగళ్లు అనే ఊరు దాటకముందే ప్రాణం పోయింది. ఆయన మాకు చెప్పలేదు. ఆస్పత్రి ముందు దించబోతే అప్పుడు అన్నాడు, "ఇంకెందుకు దించేది, వెనక్కు తిప్పండి" అని.

గంగప్ప భార్య కమలాక్షికి ఇరవై ఎనిమిదేళ్లు. ఇద్దరు ఆడపిల్లలు, పెద్దది మూడో తరగతి, నా దగ్గరే చదివేది. పదకొండో రోజు కాకముందే కమలాక్షి మామూలుగా ఇంటిపని చేయడం మొదలుపెట్టింది. ఏడవలేదు. ఒంట్లో నీళ్లుంటే కదా ఏడ్చేదని రంగనాయకమ్మ అన్నది.

రెండు వారాలకు దినేష్ వచ్చాడు. గడ్డం పెరిగి ఉంది. గంగప్పకు మర పని నేర్పింది ఆయనే కాబట్టి నిజంగానే బాధపడ్డాడు. చెంగల్రాయుని ఇంటి ముందు నేలమీద కూర్చున్నాడు. నేనూ ఉన్నాను.

"మదనపల్లెలో విచారణ పెట్టారు," అన్నాడు. "మర మీదికి ఎక్కకూడదని మా నిబంధన ఉంది. ఎక్కినందువల్ల పోయాడని రాస్తే ఆ కుటుంబానికి ఏమీ రాదు. అట్లా కాకుండా, వాతావరణం మారిపోయింది, చైత్రంలో గాలి ఆగిపోవడం, ఇట్లాంటి సుడిగాలి రావడం ఈ ప్రాంతంలో ఎప్పుడూ లేదు, ఇది ప్రకృతి విపత్తు అని ఊరి పెద్ద ఎవరైనా చెబితే, పుంగనూరులో మా శిక్షణ కేంద్రంలో కమలాక్షికి వంటపని ఇప్పిస్తాను. ఉండడానికి గది, పిల్లలకు పక్కనే బడి. గాలి గురించి నువ్వు చెబితే అందరూ నమ్ముతారు చెంగల్రాయప్పా."

చెంగల్రాయుడు అడిగాడు.

"నువ్వు నమ్ముతాండావా సారూ, గాలి మారిందని?"

"భూమి వేడెక్కడం నిజం. ప్రపంచమంతా చెబుతున్నారు."

"భూమి సంగతి నాకు తెలీదు. వేడెక్కిందేమో. పెద్ద సదువులోళ్లు సెప్తాండారు కాబట్టి ఉంటాది. నేనడిగింది మా గుట్ట మీద చైత్రం గాలి గురించి. మా తాత కాలంలో లేదు, మా నాయన కాలంలో లేదు, నేను పుట్టినంక లేదు. నీకు ముందే సెప్పినా. సుడిగాలి కూడా ఎప్పుడూ ఉండేదే. పొద్దెక్కినంక వస్తాదని తెలిసి, నేనే తిప్పమన్నా. గాలి మారలేదు సారూ. మీరు మోటారు తీసేసినారు. నేను మన్ను విసిరి, తప్పు సెప్పినా. ఇంతే జరిగింది."

దినేష్ తలవంచుకున్నాడు. నాకు ఒక విషయం అప్పుడు అర్థమైంది. గాలి మారిందని ఒప్పుకుంటే చెంగల్రాయుని తప్పు కూడా పోతుంది. ఎవరికీ తెలియని కొత్త గాలి వచ్చి తమ్ముణ్ని తీసుకుపోయిందని చెప్పుకుని నిద్రపోవచ్చు. ఆ సుఖాన్ని ఆయన తీసుకోలేదు.

లోపలినుంచి కమలాక్షి బయటికి వచ్చింది. అంతా విన్నట్టుంది.

"బావా, మారిందనే సెప్పు," అన్నది.

"అబద్దం కదమ్మా."

"గాలికేం పోతాది బావా? అది వచ్చి నిన్నడుగుతాదా? నా బిడ్డలు పొద్దన నుంచి ఒక సెంబు నీళ్లు ఇద్దరూ పంచుకుని తాగినారు. నిజం సెప్తే వాళ్లకు ఇంకో సెంబు వస్తాదా?"

ఆయన ఆమె ముఖం వైపు చూడలేకపోయాడు. నా వైపు తిరిగి, "రాయి అయ్యోరా," అన్నాడు.

రాశాను. అరవై ఏళ్లుగా ఈ ప్రాంతపు గాలులను ఎరిగిన కుటుంబంవాడినని, ఇటువంటి మార్పు మునుపెన్నడూ ఎరగనని, ఇందులో ఎవరి తప్పూ లేదని. మదనపల్లెలో విచారణ గదిలో ఆయన ఆ కాగితం కింద సంతకం పెట్టాడు. చదివి వినిపించమంటారా అని అధికారి అడిగితే వద్దన్నాడు. బయటికి వచ్చాక టమోటా లారీలు పోయే రోడ్డు పక్కన గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు. బస్సు ఎక్కించడానికి నేను చేయి పట్టుకుని లేపాల్సి వచ్చింది.

కమలాక్షి పిల్లల్ని తీసుకుని పుంగనూరు పోయింది. దినేష్ మాట తప్పలేదు.

కాని ఆ కాగితం అక్కడితో ఆగలేదు. మోటారు మళ్లీ పెట్టమని మేం అర్జీ ఇస్తే జవాబు వచ్చింది. గాలి ఆగడం ఆ ఒక్క ఏడు వాతావరణ మార్పువల్ల జరిగిన అసాధారణ సంఘటన అనీ, గ్రామ పెద్దే ఆ మేరకు వాంగ్మూలం ఇచ్చాడనీ, కాబట్టి పథకంలో లోపం లేదనీ. జవాబు నేనే చదివి వినిపించాను. చెంగల్రాయుడు రెండోసారి చదవమన్నాడు. చదివాను.

"అంటే నీళ్లు లేకుండా చేసింది నేనే," అన్నాడు.

"కాదప్పా..."

"నా సంతకమే కదా అయ్యోరా."

2004 చైత్రంలో చక్రం మళ్లీ ఆగింది. ఈసారి పైకి ఎక్కడానికి ఎవరూ లేరు. వెంకటముని సంసారం పలమనేరు పోయింది. నా బడిలో పదకొండు మంది మిగిలారు. రంగనాయకమ్మ రెండున్నర మైళ్లు నడిచి పక్క ఊరి ట్యాంకరు దగ్గర నిలబడేది. ఆ ఊరివాళ్లు తిడితే విని, వాళ్లందరూ పట్టుకున్నాక అడుగున మిగిలిన నీళ్లు తెచ్చేది. ఆమె నీళ్లు తెచ్చిన పూట చెంగల్రాయుడు తాగేవాడు కాదు. బతిమాలితే పెదాలు తడుపుకునేవాడు. ఊళ్లో ఎవరూ ఆయన్ను పల్లెత్తు మాట అనలేదు. గాలి గురించి అడగడం మాత్రం మానేశారు. ఆయన కూడా మన్ను గాని, పొట్టు గాని పైకి విసరడం నేను మళ్లీ చూడలేదు.

2005 మొదట్లో కమలాక్షి పుంగనూరు నుంచి నాకు ఫోను చేసింది. శిక్షణ కేంద్రానికి కుప్పం అవతలి ఒక పల్లెవాళ్లు వచ్చారట. అక్కడ కూడా మోటారు తీసి గాలిమర పెడుతున్నారట. వాళ్లకు ఒక చిన్న పుస్తకం పంచారు. అందులో గంగప్ప ఫోటో, పక్కన చెంగల్రాయుని మాటలు అచ్చువేసి ఉన్నాయట.

"బావకు సెప్పు అయ్యోరా," అన్నది. అంతే అన్నది.

చెప్పాను. ఆయన తువ్వాలు భుజాన వేసుకుని, "ఆ ఊరికి బస్సు యాడ ఎక్కల?" అన్నాడు.

ఇద్దరం బయలుదేరాం. పుంగనూరు స్టాండులో కమలాక్షి నిలబడి ఉంది. తానూ వస్తానన్నది. చెంగల్రాయుడు ఒప్పుకోలేదు.

"నువ్వు వస్తే నీ పని పోతాది. పిల్లోళ్లు ఏమైపోతారు? నేనొక్కన్నే సెప్పొస్తా."

"నిన్నొక్కన్నే సెప్పమని కదా బావా ఆపొద్దు అందర్నీ ముంచింది నేను," అని ఆమె బస్సెక్కేసింది. పలమనేరులో దిగి ఇంకో బస్సు మారాం.

ఆ పల్లెలో మాటలు సగం తెలుగు, సగం తమిళం. బడి వరండాలో జనం కూర్చున్నారు. సంస్థవాళ్లు కొత్తవాళ్లు, దినేష్ లేడు. చెంగల్రాయుడు ముందుకు పోయి చేతులు జోడించాడు.

"మాది పెద్దమండ్యం పక్క. మీకు మాదిరే మాకూ గాలిమర పెట్టినారు. చైత్రంలో గాలి ఉండదు. మోటారు తీయనీయద్దండి. మర ఇంకో బోరుమీద పెట్టుకోండి. మోటారు మాత్రం ఇడిసిపెట్టద్దండి."

ఒక యువకుడు చేతిలో పుస్తకం తిరగేసి లేచాడు. "పెద్దాయనా, మీ పేరు చెంగల్రాయుడేనా? ఈడ మీరే చెప్పినారే! మునుపు గాలి బాగా ఉండేది, ఆ ఒక్క ఏడే మారిందని. కింద మీ సంతకం కూడా ఉండాది."

అందరూ ఆ పుస్తకం వైపు, ఆయన వైపు చూశారు. చెంగల్రాయుడు జోడించిన చేతులు దించాడు.

"అది అబద్దమప్పా," అన్నాడు. "నేనే సెప్పినా. మీ ముందర ఒప్పుకుంటాండా. గాలి ఎప్పుడూ లేదు. మా తమ్ముడు ఆ చక్రాన్ని చేత్తో తిప్పతా సచ్చిపోయినాడు. ఇంకో ఏడు బిందెలు తిప్పమన్నది నేను."

"అప్పుడు అబద్దం చెప్పినోడు ఇప్పుడు నిజం చెబుతాండాడని ఎట్ల నమ్మేది?" అన్నాడు ఆ యువకుడు. కోపంగా కాదు, నిజంగా తెలియకే అడిగాడు.

నేను లేవబోయాను. రాసింది నేనేనని చెప్పాలనుకున్నాను. నా కాళ్లు లేవలేదు. ప్రభుత్వ ఉద్యోగం నాది, అదే అడ్డొచ్చింది.

కమలాక్షి లేచింది.

"ఆ మాట సెప్పమన్నది నేను," అన్నది. "సచ్చిపోయినోని పెండ్లాన్ని. ఈ సంస్థ నాకు వంటపని ఇచ్చింది. ఆ పని కోసరం మా బావ సేత అబద్దం ఆడించినా. ఈ మాట ఈడ సెప్పినందుకు ఎల్లుండికి ఆ పని ఉండదు నాకు. పోయేదాన్ని పోగొట్టుకుని వచ్చి సెప్తాండా. ఇంక మీ ఇష్టం."

సంస్థవాళ్లలో ఒకడు ఏదో అనబోతే వెనకవరసలోని అంకమ్మ అనే ముసలామె చేయెత్తి ఆపింది. "ఆ బిడ్డ నోరు సూడండ్రా, ఎట్ల ఎండిపోయిందో. ముందు నీళ్లియ్యండి," అన్నది. తర్వాత తమ ఊరివాళ్ల వైపు తిరిగి, "మనకు మాత్రం చైత్రంలో గాలి యాడుండాది? మిద్దెలమీద పడుకుని విసనకర్రలు ఇసురుకుంటామే! ఈ మాట మనకెవరికీ తోచలేదా?" అన్నది.

మోటారు తీయరాదని ఆ ఊరు తీర్మానం చేసింది. మరను ఎండిపోని వేరే బావిమీద పెట్టుకున్నారని తర్వాత విన్నాను. ఆషాఢంలో అది తిరుగుతుంది, చైత్రంలో మోటారు నడుస్తుంది. రెండూ ఉన్నాయి కాబట్టి వాళ్లకు దేనితోనూ గొడవ లేదు.

కమలాక్షి చెప్పినట్టే ఆమె పని పోయింది. ఎల్లుండి కాదు, తొమ్మిదో రోజు. పిల్లల్ని తీసుకుని మదనపల్లె వచ్చి, టమోటా మార్కెట్లో కాయలు ఏరే పనిలో చేరింది. పెద్దపిల్ల ఆ ఏడు బడి మానేసింది. ఆ విషయం ఎవరు మొదట చెంగల్రాయునికి చెబుతారని రంగనాయకమ్మా నేనూ చాలా రోజులు ఒకరినొకరు చూసుకుంటూ ఉండిపోయాం. చివరికి నేనే చెప్పాను. ఆయన విని, గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఆ ఏడు చివర్లో వానలు విపరీతంగా పడ్డాయి. చెరువులు తెగాయి. "సూడప్పా, వాతావరణం నిజంగానే మారిందేమో," అని ఎవరో అంటే, "ఒక ఏడు సూసి నేనేమీ సెప్పను. సెప్పి ఒకసారి సెడినా," అన్నాడు.

మా ఊరికి కరెంటు మోటారు 2007 ఫాల్గుణంలో వచ్చింది. కుప్పం సభలో జరిగింది ఎవరో పేపర్లో రాస్తే, అది చూసి కొత్త అధికారి ఒకరు పాత అర్జీ తీశారు. మర తీసి పక్కన పడేశారు. మోటారు వేసిన రోజు ఊళ్లో ఉన్న నలభై గడపలవాళ్లూ బిందెలతో వచ్చారు. చెంగల్రాయుడు రాలేదు. అప్పటికి ఆయనకు ఆయాసం పట్టుకుంది, పది అడుగులు వేస్తే కూర్చునేవాడు. ఆయాసం లేకపోయినా వచ్చేవాడు కాదని నాకు తెలుసు.

ఆ మధ్యాహ్నం ఆయన ఇంటికి పోయాను. "నాలుగేళ్ల కింద రాసిన ఆ వాంగ్మూలం నాది, అది తప్పని కలెక్టరుకు జాబు రాశానప్పా," అని చెప్పాను. నిజంగానే రాశాను. కుప్పంలో లేవలేకపోయిన కాళ్లకు రెండేళ్లు పట్టింది.

"ఏమన్నారు?"

"జవాబు రాలేదు."

ఆయన తల ఊపాడు. "పిల్ల మళ్లీ బడికి పోతాందా?" అన్నాడు.

"చిన్నది పోతోంది."

"పెద్దది?"

వీధిలో మోటారు శబ్దం వినిపిస్తూనే ఉంది, బిందెలు తగులుకుంటున్నాయి, ఆడవాళ్లు పెద్దగా మాట్లాడుకుంటున్నారు. రంగనాయకమ్మ నిండు బిందె నడుమున పెట్టుకుని గడప దాటి లోపలికి వచ్చింది. ఒక చెంబు ముంచి ఆయన ముందు పెట్టి, ఇంకో బిందెకు వెళ్లిపోయింది. ఆయన చెంబు వైపు చూస్తూ కూర్చున్నాడు. నేను లేచి బడికి పోయేదాకా ఆ చెంబు నిండుగా అక్కడే ఉంది.